బడి విడిచిన తరువాత చదువు – ఇంటి వంతు, పంచాయతీ వంతు

పంచాయతీ సమావేశములలో పాఠశాల ప్రసక్తి వచ్చినపుడు సాధారణముగా చర్చింపబడు విషయములు గదులు, ప్రహరీ గోడ, మంచినీరు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనము. ఇవి అన్నియు అవసరమైనవే. వీనిపై సభ్యులు పట్టుదల చూపుట మెచ్చదగినదే. కాని పిల్లవాడు బడిలో గడుపు కాలమెంత, బడి వెలుపల గడుపు కాలమెంత అని ఒకసారి లెక్క వేసి చూచినచో, మన దృష్టికి రాని మరియొక పెద్ద బడి ప్రతి గ్రామములోను ఉన్నదని తెలియును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటవ తరగతి నుండి అయిదవ తరగతి వరకు ఏడాదికి కనీసము 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెను. ఏడాదిలో 8,760 గంటలు కలవు. పిల్లవాడు రోజుకు పది గంటలు నిద్రించుననుకొన్నను, మేలుకొని ఉండు కాలము 5,110 గంటలు. అందులో 800 గంటలనగా ఆరవ వంతు కూడ కాదు. తక్కిన కాలమంతయు ఇంటిలో, వీధిలో, పొలము గట్టున, సముద్రపుటొడ్డున గడచుచున్నది. ఆ కాలమునకు ఉపాధ్యాయుని బాధ్యునిగా చేయుట న్యాయము కాదు. అందుకు తల్లిదండ్రులు బాధ్యులు; వారితోపాటు గ్రామమును బాధ్యమే.

ఆ కాలమును పిల్లల చదువునకు ఎట్లు ఉపయోగింపవచ్చునో, చదువు రాని తల్లిదండ్రులు సైతము ఏమి చేయగలరో, పంచాయతీ సభ్యులు వారికి ఏ విధముగా తోడ్పడవచ్చునో ఈ వ్యాసములో వివరింపదలచినాము.

జీవితాంతపు చదువు

చదువనగా పరీక్షలో నెగ్గుట మాత్రమే యని పలువురి అభిప్రాయము. పరీక్షలు ఒకనాటితో ముగియును. జీవితమునకు కావలసిన చదువు ఆనాటితో ముగియదు. పురుగుమందు డబ్బాపై ఉన్న హెచ్చరికను చదువుకొనవలెను. బ్యాంకు కాగితముపై సంతకము చేయుటకు ముందు అందులో ఏమున్నదో తెలిసికొనవలెను. పట్టాదారు పుస్తకములోని సర్వే నంబరు సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. నేటి యంత్రము పోయి రేపు మరియొకటి వచ్చినపుడు దానిని నేర్చుకొనవలెను. ఎవరో వచ్చి చెప్పువరకు వేచియుండక, తెలియని దానిని తానే అడిగి, చదివి, పరిశీలించి తెలిసికొనువాడే నిజమైన విద్యావంతుడు. ఈ అలవాటు ఇరువదియవ ఏట హఠాత్తుగా రాదు. ఆరు మొదలు పదకొండేండ్ల వయస్సులోపల, అనగా ప్రాథమిక పాఠశాలలో ఉన్న కాలములోనే దానికి నాటు పడవలెను.

నాటు పడనిచో కలుగు నష్టము చిన్నది కాదు. ప్రథమ్ అను సంస్థ 2024లో గ్రామీణ భారతములో జరిపించిన సర్వేలో, అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగముకంటె తక్కువగా తేలిరి. ఇట్టి పిల్లవాడు ఆరవ తరగతికి పోవును. అచ్చట విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము, లెక్కలు అన్నియు చదివి గ్రహింపవలసినవే. చదువుట రానందున ఏదియు బోధపడదు. బోధపడనందున బడియన్న విసుగు పుట్టును. క్రమముగా బడి మానును. కొలది ఏండ్లలో వచ్చిన అక్షరములును మరచి, తాత వలెనే వేలిముద్ర వేయును. పంచాయతీ ఖర్చు పెట్టి కట్టించిన గది అట్లే నిలిచియుండును, అందులో కూర్చున్న పిల్లవానికి మాత్రము ఏమియు దక్కదు. ఈ ముప్పును తప్పించుటకే 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించినది. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుట, వ్రాయుట, మొదటి లెక్కలు రావలెననునది దాని లక్ష్యము.

సర్వసిద్ధి రాయవరమున పుట్టిన వెలుగు

ఇట్టి జీవితాంతపు విద్యార్థికి ఉదాహరణము కొరకు దూరము పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరము, అనగా సర్వసిద్ధి రాయవరము, మహాకవి గురజాడ అప్పారావుగారి జన్మస్థలము. 1862 సెప్టెంబరు 21వ తేదీన ఆయన ఇచ్చట తమ మేనమామగారి ఇంట జన్మించిరి. తండ్రిగారి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో మొదటి చదువు సాగినది. తండ్రి గతించిన పిమ్మట విజయనగరములో చదువునకు ఆధారము లేకపోయినది. అప్పటి మహారాజా కళాశాల అధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ బాలునికి తమ ఇంట ఆశ్రయము, భోజనము ఏర్పరచిరి. 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి.ఏ. పట్టము ఆయనకు లభించినవి.

పట్టముతో ఆయన చదువు ఆగలేదు. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కము నాటకమునకు ఎంతయో పేరు వచ్చినది. అంతటితో తృప్తి చెందక, ఆయన దానిని మరల దిద్ది, పెంచి, దాదాపు క్రొత్త నాటకమన్నట్లు 1909లో ప్రకటించిరి. అప్పటికి ఆయన వయస్సు నలుబదియైదు దాటినది. పేరు వచ్చిన గ్రంథమును తానే తిరిగి వ్రాయుటకు పూనుకొనుట నేర్చుకొను మనస్సు గలవారికే సాధ్యము.

ఆయన మిత్రులు, విజయనగరములో సహాధ్యాయి అయిన గిడుగు రామమూర్తిగారి చరిత్ర ఇంకను స్ఫూర్తిదాయకము. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిన ఆయన, చుట్టుపట్టుల కొండలలోని సవరల భాష తనకు తెలియదని గ్రహించి, సవర భాష వచ్చినవారిని ఇంటనుంచుకొని దానిని నేర్చుకొనిరి. ముఖలింగ దేవాలయములోని శాసనముల లిపిని సొంత కృషితోనే చదువ నేర్చిరి. కొండజ్వరమునకు పుచ్చుకొనిన క్వినైను వలన చెవుడు వచ్చినను కృషి మానలేదు. ఆయన సవర వ్యాకరణము 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడినవి. వ్యాకరణము వెలువడునాటికే ఆయనకు అరువదియైదేండ్లు దాటినవి.

ఈ రెండు జీవితములనుండి పంచాయతీ సభ్యులు గ్రహింపవలసినవి రెండు విషయములు. మొదటిది: ఇంటి అండ లేని పిల్లవానికి గ్రామములోని మరియొక పెద్ద ఇంటివాడు కావచ్చును. వెనుకటి దినములలో పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనిరి. సోమవారము ఒకరింట, మంగళవారము మరియొకరింట అన్నము దొరికెడిది. నేడు బడిలోనే భోజనము పెట్టుచున్నారు. నేటి పిల్లలకు కరవైనది కూర్చుండు చోటు, ప్రశాంతమైన గంటసేపు, అడుగు పెద్దవారు. వీనిని సమకూర్చుట నేటి వారము అన్నమాట. రెండవది: ఆ మహనీయులిరువురును బిడ్డ నోటి భాషయే చదువునకు నిచ్చెన యని జీవితమంతయు వాదించినవారు. కనుక శ్రీకాకుళము, విజయనగరము, అనకాపల్లి ప్రాంతపు పిల్లవాడు ఇంటి యాసలో మాటాడినచో పరిహసింపరాదు. ఆ యాసలోనే వాని ఆలోచన సాగుచున్నది. పుస్తకభాష క్రమముగా దానికి తోడగును.

చదువు రాని తల్లి చేయగల పనులు

గ్రామములకు పోయినపుడు తల్లులనుండి మేము తరచుగా విను మాట ఒకటి కలదు: "మేం సదువుకోనోళ్లం బాబూ, మాకేటి తెలుస్తాది?" ఈ మాటలో వినయమున్నది, కాని సత్యము లేదు. అక్షరములు నేర్పుట ఉపాధ్యాయుని పని. ఆ అక్షరములకు వెనుక ఉండవలసిన మాటలను, లోకజ్ఞానమును, తెలిసికొనవలెనను కోరికను ఇచ్చునది ఇల్లే. 'ఏతము' అని పుస్తకములో చదివిన పిల్లవానికి, ఆ వస్తువును గురించి తాతనోట వినియున్నచో వెంటనే బోధపడును. విననివానికి అది మూడక్షరములు మాత్రమే. ఇంటిలో ఎన్ని మాటలు విన్నాడో అంత సులభముగా బడిలో చదువగలుగును. ఈ క్రింది పనులకు డబ్బు అక్కరలేదు, చదువును అక్కరలేదు.

ఒకటి: మాటాడుట. వంట చేయుచు, పశువునకు మేత వేయుచు, సంతకు నడచుచు బిడ్డతో మాటాడవలెను. "అది తే, ఇది పట్టుకో" అను ఆజ్ఞలు మాత్రమే కాదు. ఈ పని ఎందులకు చేయుచున్నామో, ఎట్లు చేయుచున్నామో చెప్పవలెను.

రెండు: చెప్పించుకొనుట. "ఈ రోజు బడిలో ఏమి చెప్పినారు?" అని అడిగినచో "ఏమీ లేదు" అను జవాబు వచ్చును. "ఈ రోజు విన్న కథ నాకు చెప్పు", "ఆ బొమ్మలో ఏమున్నదో చూపించు" అని అడుగవలెను. పుస్తకమును మరల మరల చూచుటకంటె, పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొని చెప్పుట వలన విషయము ఎక్కువకాలము నిలుచునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కనుగొనినారు. ఈనాడు చెప్పినదానినే రెండు రోజుల తరువాత ఒకసారి, వారము తరువాత మరియొకసారి అడుగవలెను. తల్లికి చదువు రానక్కరలేదు, ఆమె చెవియొగ్గిన చాలును. తనకు తెలిసినది తల్లికి తెలియదని తెలిసిన బిడ్డ, ఎంతయో ఉత్సాహముతో గురువై చెప్పును.

మూడు: ప్రశ్నను ఆదరించుట. బిడ్డ "ఎందుకు?" అని అడిగినపుడు "నోరు ముయ్యి" అనుటతో ఒక తలుపు మూతపడును. "నాకు తెలియదు, రేపు మాస్టారుగారిని అడిగి వచ్చి నాకును చెప్పు" అనుటతో ఆ తలుపు తెరుచుకొనును. రేవుపోలవరము తీరమున నివసించు బిడ్డకు, గాలి పగలు సముద్రముమీదినుండి నేలవైపు వీచి, రాత్రి నేలమీదినుండి సముద్రమువైపు వీచుననునది అనుభవమే. తెల్లవారుజామున తెరచాప పడవలు ఆ నేలగాలి సాయముతో వేటకు పోవుట తాతలు ఎరిగిన విషయమే. పగలు నేల నీటికంటె త్వరగా వేడెక్కుననియు, రాత్రి త్వరగా చల్లబడుననియు, అందువలననే గాలి దిక్కు మారుననియు బడిలో చెప్పినపుడు, ఆ బిడ్డ తాత ఎరుకను, పుస్తకపు ఎరుకను కలుపుకొనగలడు. రెండును కలిసిన చదువు మరపునకు రాదు.

నాలుగు: ఇంటి పనులలో లెక్క. అనకాపల్లి ప్రాంతము చెరకునకు, బెల్లమునకు ప్రసిద్ధము. ఒక టన్ను చెరకునకు నూరు కిలోల బెల్లము వచ్చిన, అయిదు టన్నులకు ఎంత? దిమ్మ ఒక్కింటికి పన్నెండు కిలోల చొప్పున ఎన్ని దిమ్మలగును? మిగులునది ఎంత? కిలో ధర రెండు రూపాయలు తగ్గినచో నష్టమెంత? ఈ ప్రశ్నలు తండ్రి నోట సహజముగా వచ్చునవే. వానిని బిడ్డ వినునట్లు పైకి అనవలెను, జవాబు బిడ్డను చెప్పనీయవలెను. తప్పు చెప్పినచో చీపురు పుల్లలతోనో, చింతగింజలతోనో మరల లెక్కపెట్టించవలెను.

అయిదు: చేతిపనులు చూపుట. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంకుడు కర్రను తరిణిపై త్రిప్పుచు లక్క కడ్డీని దానికి ఆనించినపుడు, రాపిడివలన వేడి పుట్టి లక్క కరగి కర్రకు పట్టుకొనును. గింజలు, బెరడు, వేళ్లు, ఆకులనుండి రంగులు తీయుదురు. రాపిడి వలన వేడి పుట్టుననునది ఒక శాస్త్ర పాఠము. దానిని బిడ్డ కన్నులారా చూచిన పిమ్మట పుస్తకములో చదివినచో, పుస్తకము తన ఊరిని గురించియే చెప్పుచున్నదని తెలిసికొనును.

ఆరు: చోటు, వేళ. రోజును ఒకే వేళకు, ఒకే మూల, చాపపై, దీపపు వెలుతురులో అరగంట కూర్చున్నను చాలును. అలవాటు వేళను పట్టి కుదురును. ఆ అరగంటలో టీవీ ఆగవలెను, పెద్దల సెల్‌ఫోన్‌ను ప్రక్కన పెట్టవలెను. పుస్తకము చదువుమని చెప్పుచు తాము ఫోను చూచుచుండిన, బిడ్డ చూచిన దానినే నేర్చును గాని విన్నదానిని కాదు.

ఏడు: చదువు వచ్చిన పెద్ద ఒకరు ఇంటనున్నచో, బిగ్గరగా చదివి వినిపించుట. 1947 జూలైలో ఆరంభమైన చందమామ పత్రికను ఒకరు చదువుచుండగా ఇల్లంతయు చుట్టు చేరి విన్న దినములు పెద్దలకు జ్ఞాపకముండును. వినుటకు ఇష్టపడిన బిడ్డ చదువుటకును ఇష్టపడును. మన రాష్ట్రములో 2020–21 విద్యా సంవత్సరమునుండి పాఠ్యపుస్తకములు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండునట్లు ముద్రింపబడినవి. ఇంటనున్న పుస్తకము అట్టిదైనచో, తెలుగు మాత్రమే వచ్చిన తల్లి లేక అక్క తెలుగు పుటను చదివి, బిడ్డ ఇంగ్లీషు పుటలో చదివినది గ్రహించినదో లేదో చూడవచ్చును. ఇంగ్లీషు మాటలను అప్పగించుట వేరు, అర్థమును తెలుగులో చెప్పగలుగుట వేరు. రెండవది వచ్చినపుడే చదువు వచ్చినట్లు.

మానవలసినవి

కొన్ని అలవాట్లు మంచి ఉద్దేశముతోనే చదువునకు చెరుపు చేయుచున్నవి. ఎదురింటి పిల్లవానితో పోల్చి తిట్టుట, తప్పు చదివినంతనే కొట్టుట, ఇంటిపనిని అన్నచేత వ్రాయించి పంపుట, అర్థము లేని బట్టీని మెచ్చుకొనుట ఇట్టివి. భయముతో పట్టిన పుస్తకమును పిల్లవాడు భయము తీరినంతనే విడుచును. ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అన్న పుస్తకము పట్టినపుడు చెల్లెలు అంట్లు తోముచు, నీరు మోయుచు, తమ్ముని ఎత్తుకొని ఉన్నచో, ఆ ఇంట చదువు సగమే జరుగుచున్నది. పనిని ఇరువురికి పంచినచో చదువును ఇరువురికి దక్కును.

తల్లి నేర్చిన అక్షరము

బిడ్డతోపాటు తల్లియు నాలుగక్షరములు నేర్చుట కంటె మేలైన పాఠము ఇంటిలో లేదు. దాని శక్తి ఎంతటిదో నెల్లూరు జిల్లా చరిత్ర చెప్పును. 1990 తరువాతి సంవత్సరములలో అచ్చట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రి తరగతులలో స్త్రీలు చదివిన పాఠములలో సారా వలన కుటుంబము పడు బాధలును ఉండెను. దూబగుంట స్త్రీలు ఆ పాఠముల ప్రేరణతో తమ గ్రామములో సారా అమ్మకమును ఆపించిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లాలన్నిటికిని ప్రాకినది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. వాచకములోని పాఠమును తన బ్రతుకుతో పోల్చి చూచుకొనిన తల్లి, చదువు ఎందులకో బిడ్డకు వేరుగా బోధింపనక్కరలేదు. కనుక పొదుపు సంఘముల సమావేశములలో సంతకమునకు మించి నేర్చుకొనుటకు సభ్యులు ప్రోత్సహింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఇది ఇండ్ల విషయము, పంచాయతీకి ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. రాజ్యాంగమే దీనికి సమాధానమిచ్చినది. 1992 నాటి 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్య, వయోజన విద్య, గ్రంథాలయములు ఉన్నవి. 2002 నాటి 86వ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుటను తల్లిదండ్రుల ప్రాథమిక విధిగా చేర్చినది. ఈ విధిని నెరవేర్చుటకు పేద తల్లిదండ్రులకు సాయపడవలసినది దగ్గరనున్న ప్రభుత్వమే, అనగా పంచాయతీయే.

మొదటి పని, సాయంకాలపు చదువు వేళను గ్రామ నియమముగా చేయుట. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అను గ్రామము 2022 ఆగస్టులో ఇట్టి కట్టుబాటు చేసికొన్నది. సాయంకాలము ఏడు గంటలకు దేవాలయముపై సైరను మ్రోగును. ఆ మ్రోతతో గంటన్నరసేపు ఇండ్లలో టీవీలు, ఫోన్లు ఆపి పిల్లలు చదువునకు కూర్చుండవలెను. మన గ్రామములలో అంత చేయలేకపోయినను, ఆ వేళకు మైకులు మ్రోగరాదని గ్రామసభలో తీర్మానింపవచ్చును. దీనిని జరిమానాలతో కాక, ఒప్పుదలతో నడుపుటయే మేలు.

రెండవ పని, చోటు. ఒకే గది గల ఇండ్లలో, మంచము, పొయ్యి, రోగి అన్నియు ఒకచోటనే ఉన్న ఇండ్లలో చదువు మూల దొరకుట కష్టము. పంచాయతీ కార్యాలయపు వసారాకో, సామాజిక భవనమునకో రెండు దీపములు, ఒక చాప, త్రాగునీరు ఏర్పరచి సాయంకాలము తెరచియుంచిన, ఆ పిల్లలకు అదియే ఇల్లగును. చదువుకొనిన యువతీయువకులలో ఒకరు, నమ్మదగిన పెద్దలలో ఒకరు వంతులవారీగా అచ్చట ఉండవలెను. ఆడపిల్లలు చీకటి పడిన తరువాత ఇంటికి చేరు ఏర్పాటును ముందుగానే ఆలోచింపవలెను.

మూడవ పని, పుస్తకము. ఈ విషయములో తెలుగువారికి గొప్ప చరిత్ర కలదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి, ఉద్యమము ఊరూరికి వ్యాపించినది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారి పూనికతో పడవపై గ్రంథాలయము నడచి, కాలువ ఒడ్డు గ్రామములకు పుస్తకములు చేర్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. దాని ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలెను. ఇంటిపన్ను రెండు లక్షల రూపాయలు వసూలైన పంచాయతీలో ఇది 16,000 రూపాయలు. ఈ సొమ్ము ప్రజలు పుస్తకముల కొరకు చెల్లించినది. దానిని మరియొక పద్దునకు వాడుకొనరాదు. మన పంచాయతీలో ఎంత వసూలైనది, ఎంత జమ అయినది అని సభ్యులు ప్రతి సంవత్సరము అడుగవలెను. జమ చేసిన పంచాయతీకి శాఖా గ్రంథాలయము కొరకో, పుస్తక నిక్షేప కేంద్రము కొరకో, అందులో పిల్లల పుస్తకముల కొరకో గట్టిగా అడుగు నైతికబలమును ఉండును.

నాలుగవ పని, బీరువా తాళము. బడికి వచ్చిన కథల పుస్తకములు చినుగునను భయముతో బీరువాలో భద్రపరుపబడుట అచ్చటచ్చట కలదు. చినిగిన పుస్తకమునకు అట్ట వేయవచ్చును. తెరవని పుస్తకము చెదల పాలగును. పిల్లలు వారమునకొక పుస్తకము ఇంటికి తీసికొనిపోవు ఏర్పాటు చేయుమని, చిరిగినదానికి ఉపాధ్యాయుని బాధ్యుని చేయబోమని పంచాయతీ ముందుగా మాట ఇయ్యవలెను. ఆగస్టు 15, జనవరి 26 పండుగలలో బహుమతులుగా స్టీలు గ్లాసులకు బదులు పుస్తకములిచ్చుటయు మంచిది.

అయిదవ పని, పాఠశాల యాజమాన్య సంఘము. విద్యాహక్కు చట్టము ప్రకారము ఇందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలెను. స్థానిక సంస్థల ప్రతినిధులకును చోటు కలదు. కూలికి పోవు తల్లులు పగటివేళ సమావేశమునకు రాలేరు. వారికి వీలైన వేళను సమావేశము పెట్టించుట సభ్యుని చేతిలోని పని. అచ్చట ఖర్చుల లెక్కలతోపాటు "మూడవ తరగతిలో ఎందరు చదువగలరు?" అను ప్రశ్నయు రావలెను. ఇది ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు కాదు, బిడ్డను సిగ్గుపరచుటకును కాదు. సాయము ఎవరికి కావలెనో తెలిసికొనుటకే.

ఆరవ పని, అయిదవ తరగతి ముగించిన పిల్లల జాబితా. చిన్నబడి ముగిసి పెద్దబడికి పోవుచోట కొందరు జారిపోవుదురు. పనులకొరకు పరవూళ్లకు వలసపోవు కుటుంబముల పిల్లలు కూడ అట్టివారే. ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని ఇట్టి పిల్లల పేర్లు వ్రాసికొని, జూన్‌లో బడులు తెరచినపుడు ఎవరు చేరిరో, ఎవరు చేరలేదో చూచిన చాలును. పది, పదునైదు ఇండ్లు తిరుగుటకు ఒక సాయంకాలము సరిపోవును.

ఏడవ పని, గ్రామములోని విద్వాంసులను బడికి పిలుచుట. బొమ్మల పనివారు, మత్స్యకారులు, బెల్లము వండువారు, విత్తనము ఎంచుటలో నేర్పరులైన రైతులు, కథలు చెప్పు అవ్వలు వీరే ఆ విద్వాంసులు. ఉపాధ్యాయుని అనుమతితో నెలకొకరు వచ్చి గంటసేపు తమ పనిని చూపించినచో, తన తండ్రి పనిలో కూడ చదువున్నదని బిడ్డకును, తాను కూడ బోధింపగలనని తండ్రికిని తెలియును.

ఒక్క హెచ్చరిక చేయవలసియున్నది. ఇల్లు ఎంత చేసినను ఉపాధ్యాయునికి బదులు కాజాలదు. ఇంటి బాధ్యతను గురించి చెప్పుచున్నామని ఉపాధ్యాయుల ఖాళీలను, బడి లోపములను గురించి అడుగుట పంచాయతీ మానరాదు. అట్లే, తెల్లవారుజామున కూలికి పోయి చీకటి పడి వచ్చు తల్లిని "నీవు బిడ్డను చూచుట లేదు" అని నిందింపరాదు. ఆమెకు కావలసినది ఉపదేశము కాదు. ఆమె వచ్చువరకు బిడ్డ కూర్చుండుటకు ఒక వెలుగు గల వసారా, ఆమె వచ్చిన తరువాత పది నిమిషములు బిడ్డ చెప్పు కథ వినుటకు ఓపిక. మొదటిది పంచాయతీ ఇయ్యగలదు. అది దొరికినచో రెండవది ఆమెయే ఇచ్చుకొనును.

వీనిలో అన్నిటిని ఒకేసారి తలకెత్తుకొనుట అవసరము లేదు. రాబోవు సమావేశపు చర్చనీయాంశములలో "బడి విడిచిన తరువాత పిల్లల చదువు" అను ఒక్క అంశమును చేర్పించుడు. గ్రంథాలయ పన్ను లెక్కను కార్యదర్శినడిగి తెలిసికొనుడు. వసారాకు రెండు దీపములు పెట్టించుడు. మీ వార్డులోని ఒక మూడవ తరగతి బిడ్డను పిలిచి, ఒక కథ చదివి మీకు చెప్పుమని కోరి, చివరివరకు ఓపికతో వినుడు. గ్రామములో చదువు ఎట్లున్నదో ఏ నివేదికయు చెప్పనంత స్పష్టముగా ఆ బిడ్డయే మీకు చెప్పును. తరువాత ఏమి చేయవలెనో నిశ్చయించుకొనుటకు అది చాలును.